శ్రావణికి, చాంగ్‌షా వెళ్లే ముందు

చి. శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. చాంగ్‌షాలో కాలేజీ ఉద్యోగం వచ్చిందని మీ నాన్న చెప్పాడు. "నువ్వు చైనాలో ఐదేళ్లున్నావు కదా అన్నయ్యా, దానికి కాస్త చెప్పు" అన్నాడు. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను.

నేను లోయాంగ్‌లో పాఠాలు చెప్పింది 2007 నుంచి 2012 దాకా. అప్పట్లో మన పాస్‌పోర్ట్‌తో పని జరిగిపోయింది. ఇప్పుడు ఇంగ్లీష్ టీచర్లంటే ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న దేశాల వాళ్లనే అడుగుతున్నారు, పైగా డిగ్రీ, రెండేళ్ల అనుభవం. నీకు ఆస్ట్రేలియా పౌరసత్వం, మెల్‌బోర్న్ డిగ్రీ, మూడేళ్లు స్కూల్లో చెప్పిన అనుభవం ఉన్నాయి కాబట్టి ఆ చిక్కు లేదు. సర్టిఫికెట్లకు అక్కడే అపోస్టిల్, అంటే ఇవి అసలైనవేనని మీ ప్రభుత్వం వేసే ముద్ర, చేయించుకో. 2023 నవంబర్ నుంచి చైనాలో కూడా అది చెల్లుతోంది, కాన్సులేట్ చుట్టూ తిరిగే బాధ తప్పింది. వీసా మాత్రం 'జడ్' వీసాయే, అంటే ఉద్యోగ వీసాయే అయి ఉండాలి. "ముందు టూరిస్ట్ వీసా మీద వచ్చెయ్యండి, ఇక్కడికొచ్చాక మార్చుకుందాం" అని ఎవరైనా తియ్యగా చెబితే విమానం ఎక్కకు. దిగిన 24 గంటల్లో పోలీసుల దగ్గర అడ్రస్ నమోదు చేయించుకోవాలి, 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాలి. ఇవన్నీ చూసేది కాలేజీలోని 'వాయ్‌బాన్', అంటే విదేశీయుల వ్యవహారాల ఆఫీసు. అక్కడ కూర్చునే మనిషితో మంచిగా ఉండు. ప్రిన్సిపాల్ కంటే ఆ మనిషితోనే నీకు ఎక్కువ పని.

వర్క్ పర్మిట్ ఆ ఒక్క కాలేజీకే. సాయంత్రాలు ట్యూషన్ చెప్పమని తల్లిదండ్రులు వెంటపడతారు, డబ్బు కూడా బాగానే ఇస్తామంటారు. దొరికితే 5,000 నుంచి 20,000 యువాన్ల దాకా జరిమానా, విషయం ముదిరితే లాకప్పు కూడా. వద్దమ్మా.

ఇక అసలు సంగతి. మొదటి రోజు క్లాసులోకి వెళ్లి గుడ్ మార్నింగ్ చెప్పి, "మీలో ఎవరైనా మాట్లాడండి" అంటావు. నలభై మంది తలలు దించేస్తారు. "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు. నేను మొదటి నెలంతా వీళ్లకి చదువు మీద శ్రద్ధ లేదనుకుని మండిపడ్డాను. తప్పు నాదే. నలుగురిలో తప్పు మాట్లాడితే తలవంపులని వాళ్ల భయం. దాన్ని వాళ్లు 'మ్యెన్‌జ్' అంటారు, మనం పరువు అంటాం. వాళ్లకి ఇంగ్లీష్ రాక కాదు. జూన్‌లో జరిగే గావ్‌కావ్, అంటే కాలేజీ ప్రవేశ పరీక్ష కోసం ఏళ్ల తరబడి వ్యాకరణం రుబ్బి వచ్చినవాళ్లు, సబ్‌జంక్టివ్ మూడ్ గురించి నీకే చెప్పగలరు. నోరు తెరిచే అవకాశమే రాలేదు, అంతే.

ఒక రోజు విసుగొచ్చి నా కథ చెప్పాను. గుంటూరు జిల్లాలో తెలుగు మీడియంలో చదివానని, ఏబీసీడీలు మొదలుపెట్టింది ఆరో తరగతిలోనని, కాలేజీలో ఒకసారి 'ది' ఎక్కడ పెట్టాలో తెలియక క్లాసంతా నవ్విందని. తెలుగులో 'ఎ', 'ది' లాంటివి లేవు, చైనీస్‌లోనూ లేవు. ఆ మాట వినగానే వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు "సర్, మాక్కూడా!" అన్నాడు. ఆ క్లాసులో అడక్కుండా వచ్చిన మొదటి వాక్యం అదే.

నువ్వు హైదరాబాద్‌లో పుట్టినదానివి, ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీష్. ఆ సంగతి దాచుకోవద్దు. ఎందుకు చెబుతున్నానంటే, నీ మొహం చూసి కొందరు నిరుత్సాహపడతారు. 'వాయ్‌జ్యావ్', అంటే విదేశీ టీచర్, అంటే తెల్లగా, బంగారు జుట్టుతో ఉంటారని వాళ్ల ఊహ. నన్నయితే ఒకాయన మొహం మీదే అడిగాడు, "ఇండియన్ కదా, ఇంగ్లీష్ ఎలా చెబుతారు?" అని. రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత పిల్లలే ఆ ప్రశ్నకి జవాబయ్యారు. పుట్టుకతో ఇంగ్లీష్ వచ్చినవాళ్లకి ఎక్కడ కష్టమో తెలియదు, నేర్చుకున్నవాళ్లకి తెలుస్తుంది.

క్లాసు ఎలా నడపాలంటే, ఒక్కరినే లేపి నిలబెట్టకు. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి మూడు నిమిషాలు మాట్లాడుకోనివ్వు, ఆ తర్వాత జంటగా చెప్పించు. తప్పయినా ఇద్దరిదీ కాబట్టి భయం సగమవుతుంది. మొదటి వాక్యం నువ్వే బోర్డు మీద రాసి ఇవ్వు. మాట మధ్యలో సరిదిద్దకు. వాళ్లు అమ్మ గురించి చెబుతూ 'హి' అంటారు, ఎందుకంటే చైనీస్‌లో అతడికీ ఆమెకీ నోటిమాటలో ఒకటే, 'తా'. క్రియలకు కాలం బట్టి రూపం మారదు కాబట్టి నిన్నటి పనికి కూడా 'గో' అనేస్తారు. చాంగ్‌షా ఉన్న హూనాన్ రాష్ట్రం వైపు వాళ్లలో చాలామందికి 'న', 'ల' కలిసిపోతాయి, 'నైట్' అన్నారో 'లైట్' అన్నారో నువ్వు ఊహించుకోవాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, పేర్లు చెప్పకుండా చివరి పది నిమిషాల్లో అందరికీ కలిపి చెప్పు.

పిల్లలకి టెన్షనంతా కాలేజీ వాళ్లు రాసే నాలుగో లెవెల్ ఇంగ్లీష్ పరీక్ష మీదే. జూన్‌లో, డిసెంబర్‌లో జరుగుతుంది, 710కి 425 రావాలని లెక్క. ఆ నెలల్లో ఎవరూ నీ మాట వినరు, బాధపడకు. క్లాసుకి 'బాన్‌జాంగ్' అని ఒక లీడర్ ఉంటారు. ఆ పిల్లనో పిల్లాడినో మచ్చిక చేసుకుంటే గది మారిందనీ, సెలవుకి బదులు ఆదివారం క్లాసనీ కబుర్లు ముందుగా నీకే తెలుస్తాయి. కాలేజీ చెప్పేసరికి ఆ రోజు వచ్చేస్తుంది.

తైవాన్, టిబెట్, తియానన్మెన్ చర్చకు పెట్టకు. మతం సంగతి అసలొద్దు. తిండి, ప్రయాణాలు, అమ్మమ్మలు, ఇవి చాలు. లోయాంగ్‌లో మా పిల్లల్ని శ్వేతాశ్వ దేవాలయమనే పాత బౌద్ధ గుడికి తీసుకెళ్లేవాణ్ణి. 2010లో అక్కడ మన దేశం సాంచీ స్తూపం తీరులో ఒక మందిరం కట్టించింది. దాని ముందు నిలబడి, షువాన్‌జాంగ్ మా అమరావతి దాకా వచ్చాడని చెబితే వాళ్ల కళ్లు పెద్దవయ్యేవి. మనం చిన్నప్పుడు హ్యూయన్‌త్సాంగ్ అని చదువుకున్నామే, ఆయనే.

కారం గురించి దిగులక్కర్లేదు, హూనాన్ వాళ్లు గుంటూరు వాళ్లకి ఏమీ తీసిపోరు. శాకాహారం కావాలంటే 'వో చి సు' అను. అయినా ఆకుకూరలో పంది మాంసం తునకలు కనిపించొచ్చు, చూసుకుని తిను. చలి మాత్రం జాగ్రత్త. లోయాంగ్‌లో మాకు నవంబర్ నుంచి మార్చి దాకా గొట్టాల్లో వేడి వచ్చేది. చాంగ్‌షా దక్షిణాదిలో ఉంది కాబట్టి అక్కడ ఆ ఏర్పాటు లేదు, చెమ్మతో కూడిన చలి ఎముకల్లోకి పోతుంది. హీటర్ ఉన్న గది కావాలని ముందే అడుగు.

వాట్సాప్, గూగుల్ పనిచెయ్యవు. వీచాట్ ఇప్పుడే పెట్టుకో, అమ్మకి కూడా నేర్పు.

సంతకం పెట్టే ముందు కాంట్రాక్ట్‌లో మూడు సంగతులు చూడు. ఎండాకాలం సెలవుల్లో జీతం ఉందా, వారానికి ఎన్ని గంటలు, మానేసేటప్పుడు రిలీవింగ్ లెటర్ ఎన్ని రోజుల్లో ఇస్తారు. ఆ లెటర్ లేకపోతే తర్వాతి కాలేజీలో పర్మిట్ రాదు. మా స్నేహితుడొకడు దాని కోసం నాలుగు నెలలు కూర్చున్నాడు. కాంట్రాక్ట్ ఇంగ్లీష్ కాపీ ఒక్కటే కాదు, చైనీస్ కాపీ కూడా ఫోటో తీసి నాకు పంపు. ఆ రోజు వెనక బెంచీ నుంచి "మాక్కూడా" అన్న కుర్రాడు ఇప్పుడు ఒక కంపెనీలో అనువాదకుడు. చదివి చెప్పమంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న