ఇంకా 14 పేజీలున్నాయి.. బొటనవేలు మొరాయిస్తోంది!

ప్రశ్న: నా వయసు 34. తిరుపతిలో ఇంటి నుంచే ఫ్రీలాన్స్‌గా పిల్లల కథల పుస్తకాలకు బొమ్మలు వేసి, పేజీలు డిజైన్ చేస్తుంటాను. నెల రోజులుగా కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఒకటే నొప్పి. పెన్ సంగతి సరే, సీసా మూత తిప్పాలన్నా ప్రాణం పోతోంది. 32 పేజీల పుస్తకంలో 14 మిగిలాయి. అన్నీ ఇస్తేగానీ డబ్బులు రావు. నొప్పి మాత్రలు వేసుకుంటూ పూర్తి చేసేయొచ్చా? ఇంట్లోవాళ్లేమో పుత్తూరు కట్టు కట్టించుకోమంటున్నారు.
- ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: మాత్రలతో నెట్టుకురావద్దు. మాత్ర నొప్పిని తెలియనివ్వదు గానీ లోపలి రాపిడిని ఆపదు. నొప్పి లేదు కదా అని మీరు ఇంకో రెండు గంటలు ఎక్కువ గీస్తారు. పైగా రోజుల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలకూ మంచిది కాదు. నొప్పి జెల్ రాసుకోవచ్చు, గట్టిగా మర్దన మాత్రం వద్దు. కట్టు అంటారా, మీకు ఎముక విరగలేదు కదా!

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది డీ క్వెర్వేన్స్ అనే సమస్యలా ఉంది. బొటనవేలిని కదిపే రెండు టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మణికట్టు దగ్గర ఒకే ఇరుకు తొడుగులోంచి వెళ్తాయి. ఆ తొడుగు మందమైతే వేలు కదిపినప్పుడల్లా ఒరుసుకుంటాయి. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి మూసి, మణికట్టును చిటికెనవేలి వైపు మెల్లగా వంచండి. చురుక్కుమంటే అనుమానం బలపడినట్టే. ఒక్కసారి చాలు, ఇంట్లో అందరికీ చేసి చూపించకండి.

బొటనవేలిని కూడా కదలనివ్వని స్ప్లింట్ కొన్ని వారాలు వాడాలి. మామూలు మణికట్టు బ్యాండ్ కొంటే వేలు స్వేచ్ఛగానే ఉంటుంది, డబ్బు దండగ. తగ్గకపోతే తొడుగులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చాలామందికి పనిచేస్తుంది. ఆపరేషన్ అవసరం తక్కువమందికే. మీ ఊళ్లోనే టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉంది, ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి. షుగర్ ఉంటే ముందే చెప్పండి, ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు అది పెరగొచ్చు.

ఇక మీ పెన్ సంగతి. సన్నటి పెన్‌ను గట్టిగా నొక్కి పట్టడమే చాలామంది ఆర్టిస్టుల కొంప ముంచుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కలం చూసే ఉంటారు. వెదురు పుల్లకు ఉన్ని గుడ్డ చుట్టేది రంగు పట్టడానికే అయినా, పట్టు ఎంత లావుగా ఉంటుందో గమనించండి. మీ పెన్‌కూ మెత్తటి గ్రిప్ తొడగండి. బొమ్మలు గీసే డిజిటల్ టాబ్లెట్‌లో ప్రెషర్ సెట్టింగ్ తగ్గిస్తే తేలిగ్గా తాకినా గీత పడుతుంది. పొడవాటి గీతలు భుజం నుంచి లాగండి, వేళ్లతో కాదు. అరగంటకోసారి పెన్ కింద పెట్టండి. ఆ ఖాళీలో ఫోన్ పట్టుకుని అదే వేలితో స్క్రోల్ చేస్తే విశ్రాంతి కానట్టే!

గడువు గురించి ఎడిటర్‌కు ఇవాళే చెప్పండి. ఆఖరి రోజు చెప్పేకంటే ఇప్పుడే మూడు వారాలు అడగడం మేలు. పూర్తయిన 18 పేజీలు పంపి, వాటి డబ్బులు ఇప్పించమనీ అడగండి. ఈలోగా అక్షరాల అమరిక, పెద్ద భాగాలకు రంగు నింపడం లాంటివి ఎడమచేత్తో మౌస్ పట్టుకుని మెల్లగా చేసుకోవచ్చు.

రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే సమస్య వేరే, అది నరం ఒత్తిడి కావచ్చు. ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. వాపు ఎర్రబడి జ్వరం వస్తే మాత్రం అదే రోజు వెళ్లండి.