గొర్రె కండ మీద పీహెచ్‌డీ అంటే ఏం చదువు? ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మాది వనపర్తి జిల్లాలో ఒక ఊరు. 80 గొర్రెలున్నయి. బిడ్డ పశువుల డాక్టరు చదువు చివరికొచ్చింది, ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నది. సర్కారు నౌకరీకి పరీక్ష రాయమంటే, "జీవాలల్ల కొవ్వు కణాలు, కండ కణాలు ఎట్ల తయారైతయో దాని మీద రీసెర్చ్ చేస్త, అమెరికా పోత" అంటున్నది. అది ఏం చదువో, దాంతోని అన్నం పుడుతదో లేదో మాకు సమజైత లేదు. ఎకరం భూమి అమ్మి పంపమంటారా?

జవాబు: అన్నా, భూమి మాట ముందు తేల్చేద్దాం. అమ్మొద్దు. మీ బిడ్డ చెప్పే పీహెచ్‌డీ సొంత డబ్బు పెట్టి చేసేది కాదు. అమెరికాలో అయినా ఇక్కడ అయినా మామూలుగా చేసేవాళ్ళకే నెలనెలా డబ్బిస్తారు. ఆ లెక్కకు మళ్ళీ వస్తాను. "ఏం చదువు" అని అడిగారు కదా, ముందు అది. దాని జవాబు సగం మీ దొడ్డిలోనే ఉంది.

ఎండాకాలంలో మేత కరువైతే చూడి గొర్రెకు మీరేం చేస్తారు? తుమ్మకాయలో, గుప్పెడు మక్కలో విడిగా పెడతారు. తల్లి ఎండితే పిల్ల బక్కగా పుడుతుందని, దాన్ని తర్వాత ఎంత మేపినా తోటి పిల్లలను అందుకోలేదని మీకు తెలుసు. ఎవరూ చదివి చెప్పలేదు, మందను చూసి నేర్చుకున్నారు. ఆ పిల్ల ఒంట్లో దెబ్బ సరిగ్గా ఎక్కడ పడిందో వెతికే శాస్త్రమే మీ బిడ్డ చదువుతానంటున్నది.

గొర్రె దాదాపు 150 రోజులు మోస్తుంది. పిల్ల కండలో ఉండే పోగులు దాదాపు అన్నీ ఆ అయిదు నెలల్లోనే, అందులోనూ ఎక్కువగా నడిమి నెలల్లో ఏర్పడిపోతాయి. పుట్టాక పోగుల లెక్క పెద్దగా పెరగదు, ఉన్న పోగులే లావెక్కుతాయి. మగ్గం మీదికి పడుగు ఎక్కించాక పోగులు కలపలేం చూడండి, అట్లా. నడిమి నెలల్లో తల్లికి తిండి తగ్గితే పడుగే పలచబడుతుంది. తర్వాత ఎంత దాణా పోసినా ఆ గుడ్డ చిక్కబడదు.

ఇక కొవ్వు. పిండం తొలి రోజుల్లో కండ కణాలకూ కొవ్వు కణాలకూ మూలం ఒకటే, దాయాదుల లెక్క. ఏ కణం ఏ దారి పట్టాలో తేల్చేవి కొన్ని జన్యువులు. 1987లో మయోడి అనే జన్యువును మామూలు కణంలో పెడితే అది కండ కణంగా మారిపోయింది. కొవ్వు వైపు తిప్పే పీపార్ గామా అనే జన్యువు పని 1994లో బయటపడింది. అంతకు చాలా ముందే, 1961లో, అలెగ్జాండర్ మారో అనే ఆయన కప్ప కండను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తూ పోగుల అంచున అంటుకుని నిద్రపోతున్న కణాలను కనిపెట్టాడు. వాటినే శాటిలైట్ కణాలంటారు. దెబ్బ తగిలినప్పుడు కండ మళ్ళీ అతుక్కునేది, పుట్టిన పిల్ల కండ లావెక్కేది వాటి చలవతోనే.

మీకు ఆసక్తిగా ఉండే సంగతి ఇంకొకటుంది. 1997లో ఎలుకల్లో మయోస్టాటిన్ అనే జన్యువును ఆపేస్తే కండలు రెండు మూడింతలు పెరిగాయి. కండ పెరుగుదలకు అది పగ్గం లాంటిదన్నమాట. బెల్జియన్ బ్లూ అనే ఆవుజాతిలో ఆ పగ్గం పుట్టుకతోనే తెగి ఉందని అదే ఏడాది తేలింది. చూస్తే పహిల్వాన్ లాగా ఉంటుంది గానీ, దూడ అంత కండతో బయటికి రాలేదు. ఆ జాతిలో చాలా ఈతలు కడుపు కోసే చేయాలి. మన దేశంలో కశ్మీర్‌లోని షేర్-ఎ-కశ్మీర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇదే జన్యువును సవరించిన గొర్రెపిల్లను 2025 మేలో లోకానికి చూపించారు. అంటే ఇది దేశం కాని దేశపు ముచ్చట కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.4 కోట్ల గొర్రెల్లో ఇంచుమించు సగం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లవే. ఈ పని ఎక్కడైనా జరగాలంటే మన దగ్గరే జరగాలి.

కాకపోతే అక్కడి ప్రశ్న వేరు, మన ప్రశ్న వేరు. అమెరికాలో పశుమాంసానికి ధర కట్టేది కండ మధ్యలో సన్నగా అల్లుకున్న కొవ్వును చూసి. అందుకే అక్కడి ల్యాబులు ఆ కొవ్వు కణం చుట్టూ తిరుగుతాయి. మనం మటన్‌ను కుక్కర్‌లో పెట్టి ఉడకబెట్టే జనం. దుకాణంలో చర్బీ ఎక్కువేశాడని తగాదా పడతాం గానీ, కండలో కొవ్వు అల్లిక చూసి వంద రూపాయలు ఎక్కువివ్వం. మనకు కావలసింది తక్కువ మేతతో త్వరగా బరువు పట్టే పొట్టేలు, పొట్టలో కొవ్వు పేరుకోని కోడి. బ్రాయిలర్లలో రొమ్ము కండ చెక్కలా గట్టిపడటం, దాని మీద తెల్లటి కొవ్వు చారలు రావడం కూడా ఈ శాస్త్రం కిందికే వస్తాయి. మీ అమ్మాయి ఏ దేశం వెళ్ళినా ఈ తేడా మనసులో పెట్టుకుని వెళ్తే, తిరిగొచ్చాక చేయడానికి పని ఉంటుంది.

ఇప్పుడు అసలు పని ఎట్లా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే పేరు చూసి మోజు పడి దిగాక బెంబేలెత్తిన పిల్లలను చూశాను. తెల్లవారుజామున ఐస్‌పెట్టె పట్టుకుని కబేళాకు పోవాలి. అప్పుడే కోసిన జీవం తొడ నుంచి చిన్న ముక్క తెచ్చుకోవాలి. ల్యాబులో కత్తెరతో కైమా కన్నా మెత్తగా తరిగి, కండను కరిగించే ఎంజైమ్‌లో 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, సన్నజల్లెడ పట్టి, వచ్చిన కణాలను గులాబీరంగు ద్రవంలో గిన్నెలో వేస్తారు. రోజులు గడిచేకొద్దీ అవి కదురు ఆకారంలో సాగుతాయి. ద్రవంలో సీరం, అంటే కణాలకు మేతలా పనికొచ్చే రక్తపు తేట, తగ్గిస్తే ఆకలేసినట్టు ఒకదాని పక్కకు ఒకటి చేరి, కలిసిపోయి, పొడుగాటి గొట్టాలవుతాయి. ఒక్కోసారి ఆ గొట్టం గిన్నెలోనే తనంతట తాను అదురుతుంది. పక్క గిన్నెలో కొవ్వు వైపు తిప్పిన కణాలకు ఎర్రరంగు వేస్తే లోపలి నూనెబొట్లు కుంకుమ చుక్కల్లా కనబడతాయి. ఆ రోజు ఎవరికైనా బాగుంటుంది. మరో రోజు బూజు పట్టి మూడు వారాల పని మొత్తం డ్రైనేజీ పాలవుతుంది. కణాలకు ఆదివారం లేదు, దసరా లేదు. ఒక్కరోజు మేపకుండా మందను మీరు వదిలేస్తారా? ఇదీ అంతే. ఇంకో మాట, ఆ సీరం ఎక్కువగా వచ్చేది కబేళాలో చూడి ఆవుల కడుపులోని దూడల రక్తం నుంచి. కొందరి మనసుకు అది పట్టదు. ముందే తెలిసి ఉండటం మంచిది.

కాబట్టి అమెరికా కన్నా ముందు హైదరాబాద్. చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ, గచ్చిబౌలిలో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ, హబ్సిగూడ దగ్గర కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధన సంస్థ ఉన్నాయి. వనపర్తి నుంచి బస్సెక్కితే పూటలో చేరతారు. కణాలు పెంచే ల్యాబు ఒకటి చూసుకుని, రెండు మూడు నెలలు కూర్చుని చేయమనండి. ఆ బూజు దెబ్బ రెండుసార్లు తిన్నాక కూడా "చేస్త" అంటే, అప్పుడు నమ్మండి.

తర్వాత ఎంవీఎస్సీ, అంటే పశువైద్యంలో పీజీ, రెండేళ్ళు. యానిమల్ బయోటెక్నాలజీ అన్న పేరు వినసొంపుగా ఉంటుంది గానీ, ఆమె ప్రశ్నకు ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, యానిమల్ న్యూట్రిషన్ కూడా అంతే దగ్గర. నన్నడిగితే న్యూట్రిషన్ అంటాను, తల్లి మేతకూ పిల్ల కండకూ ముడి అక్కడే ఉంది కాబట్టి. డిపార్ట్‌మెంట్ పేరు కన్నా గైడ్ ఏం పని చేస్తున్నారో, ఆయన విద్యార్థులు ఎక్కడున్నారో కనుక్కోవడం ముఖ్యం. ఇక్కడే పీహెచ్‌డీ చేస్తే, జాతీయ ఫెలోషిప్ వస్తే అది 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, ఇంటి అద్దె అదనం. అమెరికాలో యానిమల్ సైన్స్ పీహెచ్‌డీ అయితే ప్రొఫెసర్ తన ప్రాజెక్టు డబ్బుతో అసిస్టెంట్‌షిప్ ఇస్తారు. మామూలుగా ట్యూషన్ ఫీజు మాఫీ, ఖర్చులకు నెలజీతం. అయోవా, కాన్సాస్, వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఈ విభాగాలు పెద్దవి. సీటు ఇచ్చి డబ్బు మీరే కట్టుకోమంటే, అది ఎంత పెద్ద పేరైనా వద్దనండి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, కొన్నేళ్ళ కింద ఒక అబ్బాయి 20 లక్షలు అప్పు చేసి ఏడాది మాస్టర్స్‌కు విదేశం పోతానంటే నేనే తలూపాను. ఆ ఏడాదిలో అతను కణాల గిన్నె ముట్టింది క్లాసు ప్రాక్టికల్లో రెండుసార్లు. వాళ్ళ నాన్న ఇప్పటికీ నాతో మర్యాదగానే మాట్లాడతారు. అదే నాకు ఎక్కువ బాధ.

మరి అన్నం సంగతి. ఉన్నదున్నట్టు చెప్పాలంటే మన దేశంలో ఈ పనికి పోస్టులు తక్కువ. వ్యవసాయ పరిశోధన మండలి శాస్త్రవేత్త పరీక్ష, వెటర్నరీ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు, దాణా, కోళ్ళ కంపెనీల పరిశోధన విభాగాలు, అంతే. ల్యాబులో పెంచే మాంసం అంటూ పిల్లలు మాట్లాడుతుంటారు. 2013లో లండన్‌లో అట్లా చేసిన మొదటి బర్గర్‌కు రెండున్నర లక్షల యూరోలు అయ్యాయి. తర్వాత ఖర్చు తగ్గింది, సింగపూర్‌లో అమ్మకానికీ వచ్చింది, కానీ దాన్ని నమ్ముకుని జీవితం కట్టుకోమని నేను చెప్పను. అయితే ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పిల్లలకు లేనిది మీ బిడ్డకు ఒకటుంది. ఇంటర్న్‌షిప్ అయ్యాక చేతికొచ్చే పశువైద్య రిజిస్ట్రేషన్. ఎప్పుడైనా వెనక్కి వచ్చి డాక్టర్‌గా బతకగలదు. కాబట్టి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్, అంటే సర్కారు పశువుల డాక్టరు, నోటిఫికేషన్ పడితే అది కూడా రాయమనండి. ఉద్యోగంలో చేరి, తర్వాత డెప్యుటేషన్ మీద ఎంవీఎస్సీ చేసిన డాక్టర్లు చాలామంది ఉన్నారు. ఇది నౌకరీకీ రీసెర్చ్‌కూ మధ్య పోటీ అని మీరిద్దరూ ఎందుకు అనుకుంటున్నారో నాకు అర్థం కాలేదు.

చివరగా మీరిద్దరూ కలిసి చేయగల పని ఒకటి. వచ్చే ఈతలకు ముందే ఒక వేలాడే తక్కెడ, ఒక నోటుపుస్తకం కొనండి. చూడి గొర్రెల్లో ఒక పదింటికి మూడో నెల నుంచి రోజూ దాణా తూచి పెట్టండి, ఇంకో పదింటిని మామూలుగా మేపండి. పిల్ల పుట్టిన రోజు బరువు, నెలకు, మూడు నెలలకు బరువు, తల్లి ఎన్నో ఈత, ఒక్క పిల్లా జంటా, అన్నీ రాయమనండి. రేపు ఏ ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టినా "నాకు ఆసక్తి ఉంది" అనే వాక్యం తీసేసి, ఆ పుస్తకంలోని రెండు పేజీల ఫొటో జతచేయమనండి.