బొంత అంచుకు ఏ గుడ్డ? మిగిలిన పేలికలకు ఏ దారి?

ప్రశ్న: 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు గల అతుకుల బొంతను కుట్టాను. అంచు పట్టీకి ముదురు ఎరుపు గుడ్డ వేయాలా, బొంతలో ఉన్న లేత పసుపునే వాడాలా అన్నది తేలడం లేదు. రెండున్నర అంగుళాల వెడల్పున్న నూలు పేలికలు కూడా డబ్బా నిండా మిగిలాయి. వాటిని ఏం చేయవచ్చు?

జవాబు: బొంతలో అందరి చేతులూ పడేది, ముందుగా మాసేది, ముందుగా చిరిగేది అంచే కాబట్టి, లేత పసుపు కంటే ముదురు రంగే మేలని నా అభిప్రాయం. అయితే ఎరుపు రంగు దిగే అవకాశం ఉంది. చిన్న ముక్కను సబ్బు కలిపిన వేడి నీటిలో తడిపి, తెల్లగుడ్డ మధ్య పెట్టి గట్టిగా నొక్కి చూడండి. తెల్లగుడ్డకు మరక అంటితే ఆ ఎరుపును వదిలేయడమే మంచిది. అంచు పూర్తయ్యాక పైకి కనిపించేది సుమారు పావు అంగుళమే. అందువల్ల గుడ్డను పూర్తిగా పరిచి కాక, అంతే వెడల్పున మడిచి, బొంత మూలన పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసి నిర్ణయించుకోండి. పెద్ద పువ్వుల అచ్చు ఆ సన్నని మడతలో ఆనవాలు లేకుండా పోతుంది.

మీ బొంత చుట్టుకొలత 280 అంగుళాలు. మూలల మడతలకు, చివరి అతుకుకు మరో 12 కలిపితే 292 కావాలి. 42 అంగుళాల పన్నా గల గుడ్డలో రెండున్నర అంగుళాల పట్టీలు ఎనిమిది కత్తిరిస్తే సరిపోతుంది. అంచులు తిన్నగా ఉన్నాయి కనుక అడ్డంగా కత్తిరించిన పట్టీలు చాలు. వంపులున్న అంచుకైతేనే క్రాస్ పట్టీ, అంటే గుడ్డను ఏటవాలుగా కత్తిరించిన పట్టీ, తప్పనిసరి; చారల గుడ్డను క్రాస్‌గా కత్తిరిస్తే అందంగా ఉంటుంది గానీ, గుడ్డ ఎక్కువ పడుతుంది.

అయినా, కొత్త గుడ్డ కొనే ముందు ఆ డబ్బాను ఒకసారి తెరవండి. మీ పేలికలు సరిగ్గా అంచుకు కావలసిన వెడల్పులోనే ఉన్నాయి! రెండు పేలికలను లంబకోణంలో ఒకదానిపై ఒకటి పెట్టి ఏటవాలుగా కుడితే మందం ఒకేచోట పోగుపడదు. కాకపోతే ప్రతి అతుకూ రెండున్నర అంగుళాలు మింగేస్తుంది. ఆ లెక్కన 12 అంగుళాల పేలికలైతే 31 కావాలి; అయిదారు అంగుళాల ముక్కలు అతకడం మాత్రం వృథా శ్రమ. మందం ఒకేలా ఉన్నవాటినే ఏరుకుని, రంగు దిగే పరీక్షను ప్రతిదానికీ చేయండి. అతుకులను విడదీసి ఇస్త్రీ చేశాక, పట్టీని పొడవునా రెండుగా మడవండి. కుట్టే ముందు దాన్ని బొంత చుట్టూ పరిచి చూడండి. మూలన అతుకు పడితే మడత తిరగదు. అప్పుడు మొదలుపెట్టే చోటును కాస్త జరిపితే సరిపోతుంది.

ఇంకా మిగిలిన పొట్టి ముక్కలను 8 అంగుళాల చదరపు పలుచని కాగితంపై మూల నుంచి మూలకు వరుసగా కుట్టుకుంటూ, ప్రతి ముక్కనూ తిప్పి ఇస్త్రీ చేస్తూ పోతే, మరో బొంతకు గళ్లు సిద్ధమవుతాయి. ఇక్కడ మిషన్ కుట్టు చిన్నదిగా పెట్టుకోండి. గళ్లన్నిటినీ కలిపి కుట్టాక కాగితం దారాలను లాగకుండా సులువుగా చిరిగి వస్తుంది.