సింగపూర్ రేసుకు వస్తున్న మేనల్లుడికి: కొంటే శనివారం టికెట్ కొను

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అక్టోబరులో ఫార్ములా వన్ కార్ల రేసు, సింగపూర్ గ్రాండ్ ప్రి చూడటానికి వస్తున్నానని, మూడు రోజులకూ టికెట్ కొనే స్తోమత ఈసారికి లేదు కనుక ఆదివారం ఒక్కరోజుకే కొంటానని రాశావు. సలహా అడిగావు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఒక్కరోజే చూడదలచుకుంటే శనివారం చూడు. అసలు రేసు ఆదివారం కదా, మామయ్యకు మతి పోయిందా అనుకోకుండా మిగతా ఉత్తరం కూడా చదువు.

ఆ రేసు జరిగే మరీనా బే సర్క్యూట్ రేసుల కోసం కట్టిన మైదానం కాదు. మిగతా రోజుల్లో బస్సులూ టాక్సీలూ తిరిగే ఊరి రోడ్లనే రెండు పక్కలా కాంక్రీటు గోడలు నిలిపి, పైన దీపాలు కట్టి, దాదాపు 5 కిలోమీటర్ల చుట్టుగా మారుస్తారు. దారి ఇరుకు కావడం వల్ల, మలుపు తర్వాత మలుపు వెంటవెంటనే రావడం వల్ల, ముందున్న కారును దాటడం ఇక్కడ చాలా కష్టం. 2023లో కార్లోస్ సైంజ్, 2024లో లాండో నారిస్, 2025లో జార్జ్ రస్సెల్ ముగ్గురూ శనివారం క్వాలిఫైయింగ్‌లో, అంటే ఆదివారం ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే పోటీలో, మొదటి స్థానం సంపాదించి, ఆదివారం అక్కడి నుంచే బయలుదేరి గెలిచారు. అంతకుముందు 2015లో వెటెల్, 2016లో రోజ్‌బర్గ్, 2018లో హామిల్టన్ కూడా అలాగే గెలిచారు. 2008లో ఇక్కడ జరిగిన మొట్టమొదటి రాత్రి రేసులో అలోన్సో 15వ స్థానం నుంచి వచ్చి గెలిచాడు కదా అని నువ్వు అడగవచ్చు. అతను టైర్లు మార్చే పిట్‌కు వెళ్లివచ్చిన కాసేపటికే అతని జట్టులోని రెండో డ్రైవరు జట్టు పెద్దలు చెప్పినట్టు కావాలనే గోడకు గుద్దాడని, అందువల్ల ప్రమాదం జరిగినప్పుడు అందరినీ నెమ్మదిగా తన వెనుక నడిపించే సేఫ్టీ కారు వచ్చి అలోన్సోకు దారి సుగమమైందని మరుసటి ఏడాది బయటపడింది. అలాంటి విజయాన్ని ఉదాహరణగా తీసుకోలేం.

క్వాలిఫైయింగ్‌ను మూడు విడతలుగా నడుపుతారు. ఒక్కో విడతలో వెనకబడినవాళ్లను తప్పిస్తూ పోగా చివరికి పదిమంది మిగులుతారు. నువ్వు పడాంగ్ మైదానం దగ్గర పదో మలుపు కనిపించేచోట నిలబడి, ఒక్క డ్రైవరునే మూడు విడతల్లోనూ గమనించు. మొదటి విడతలో గోడకు జానెడు ఎడం ఉంచినవాడు మూడో విడతకు వచ్చేసరికి బెత్తెడు కూడా ఉంచడు. టీవీలో ఇది తెలియదు. దూరం నుంచి తీసిన బొమ్మలో గోడా చక్రమూ కలిసిపోయి కనిపిస్తాయి, పైగా కెమెరా ఎప్పుడూ ఒక కారునే వదలకుండా వెంబడిస్తుంది. ఒకేచోట నిలబడి చూసేవాడికే ఒక డ్రైవరుకూ ఇంకొకడికీ మధ్య బ్రేకు వేసే చోటులో, స్టీరింగ్ తిప్పే తీరులో తేడా కళ్లకు కడుతుంది. 2018లో హామిల్టన్ ఒక నిమిషం 36.015 సెకన్లలో చుట్టివచ్చిన ల్యాప్‌ను ఇప్పటికీ తలచుకునేవాళ్లున్నారు. రేసు తాలూకు జ్ఞాపకాలకన్నా ఆ ఒక్క ల్యాపే ఎక్కువమందికి గుర్తుందంటే నాకు ఆశ్చర్యం లేదు.

దీనికితోడు 2026లో సింగపూర్‌కు తొలిసారిగా స్ప్రింట్ కూడా ఇచ్చారు. అంటే శనివారం ఒక్కరోజే సుమారు 100 కిలోమీటర్ల చిన్న రేసు ఒకటి, ఆ తర్వాత ఆదివారం రేసుకు క్వాలిఫైయింగ్, రెండూ చూడవచ్చు. స్ప్రింట్‌లో మొదటి ఎనిమిదిమందికి పాయింట్లు వస్తాయి, గెలిచినవాడికి ఎనిమిది. ప్రాక్టీసు మాత్రం ఒక్క విడతే ఉంటుంది కాబట్టి, కారును ఎలా సిద్ధం చేయాలో జట్లకు పూర్తిగా తేలకముందే పోటీ మొదలైపోతుంది. కొత్త నిబంధనల ప్రకారం ఈ ఏడాది కార్ల వెడల్పూ బరువూ కొంత తగ్గాయి, ముందు కారును దాటేందుకు వెనుక రెక్క తెరిచి వేగం పెంచుకునే పాత డీఆర్ఎస్ పోయి, దాటడానికి అదనపు విద్యుత్ శక్తి వాడుకునే పద్ధతి వచ్చింది. దానివల్ల ఇక్కడ దాటడం సులువవుతుందని కొందరు ఆశపడుతున్నారు. గోడలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి కనుక నేను అంతగా ఆశపడటం లేదు.

ఆదివారం కూడా ఎలాగో టికెట్ దొరికితే ఒక సంగతి గుర్తుపెట్టుకో. నువ్వు 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున చూసిన ఫార్ములా-ఈ అనే విద్యుత్ కార్ల రేసులో టైర్లు మార్చడానికి కార్లు ఆగలేదు. ఇక్కడ వర్షం లేకపోతే ప్రతి కారూ కనీసం రెండు రకాల టైర్లు వాడాలి కాబట్టి, ఎవరు ఎప్పుడు ఆగుతారన్నదే సగం రేసు. 2019లో మూడో స్థానంలో బయలుదేరిన వెటెల్, ముందున్న తన జట్టు సహచరుడు లెక్లెర్ కంటే ఒక ల్యాప్ ముందే టైర్లు మార్చుకుని, ఆ కొత్త టైర్ల వేగంతోనే రేసు గెలిచాడు. ఎర్ర గీత మెత్తని టైరు, పసుపు మధ్యరకం, తెలుపు గట్టిది. ఎదురుగా ఒక దీపస్తంభం గుర్తుపెట్టుకుని, ముందు కారు దాన్ని దాటినప్పటి నుంచి వెనుక కారు దాటేవరకు గడియారం చూడు. నాలుగైదు ల్యాప్‌లలో ఆ ఎడం పెరుగుతోందో తరుగుతోందో నీకే తెలుస్తుంది. జనం కిక్కిరిసిన చోట ఫోన్ నెట్‌వర్క్‌ను నమ్ముకోవద్దు.

ఈ ఎడం లెక్క ఎంత గొప్పగా పనికొస్తుందో 2023లో సైంజ్ చూపించాడు. చివరి ల్యాప్‌లలో అతని వెనుక నారిస్, ఆ వెనుక కొత్త టైర్లతో మెర్సిడెస్ కార్లు రెండూ ఒక్కో ల్యాప్‌కూ దగ్గరవుతూ వచ్చాయి. అప్పట్లో ముందు కారుకు ఒక సెకను లోపల ఉన్నవాడికి డీఆర్ఎస్ దొరికేది. సైంజ్ పారిపోవడానికి ప్రయత్నించక, నారిస్‌ను కావాలనే ఆ సెకను లోపల ఉండనిచ్చాడు. తనను తరుముతున్నవాడికే బలమిచ్చి, వాడినే అసలు ప్రమాదమైన మెర్సిడెస్ కార్లకు అడ్డుగోడగా నిలబెట్టాడన్నమాట. ఆఖరి ల్యాప్‌లో పదో మలుపు దగ్గర నారిస్ కారు గోడను రాసుకుంటూ బయటపడింది, వెంటనే అదే గోడను తాకిన మెర్సిడెస్ డ్రైవరు రస్సెల్ రేసు అక్కడితో ముగిసింది. స్టాండులో కూర్చున్నవాడికి ఇదంతా ల్యాప్‌కు ఒకసారి, కొన్ని సెకన్లపాటు, నాలుగు కార్లు వరుసగా పోయినట్టే కనిపిస్తుంది. లెక్క తెలిసినవాడు మాత్రం కూర్చోలేక లేచి నిలబడతాడు.

వచ్చేముందు పాయింట్ల పట్టిక ఒకసారి చదువుకో. సీజన్ చివరి అంకంలో జరిగే రేసు కాబట్టి ఎవరికి తెగించే అవసరం ఉందో, ఎవరికి నష్టపోకుండా ఉంటే చాలో దాన్నిబట్టి ఊహించవచ్చు. 2017లో హామిల్టన్ కంటే మూడు పాయింట్లే వెనుకబడి ఇక్కడికి వచ్చిన వెటెల్, వాన తడిలో రేసు మొదలైన క్షణాల్లోనే వెర్‌స్టాపెన్, రైకోనెన్‌లతో ఢీకొని తప్పుకోవలసివచ్చింది. ఐదో స్థానంలో ఉన్న హామిల్టన్ గెలిచాడు, మూడు పాయింట్ల తేడా 28 అయింది.

ఇక నీ ఒంటి సంగతి. రాత్రి రేసు కదా చల్లగా ఉంటుందనుకోకు. సూర్యుడు దిగినా ఉక్కపోత తగ్గదు. 2025లో ఇక్కడ వేడి ప్రమాదకరమని నిర్వాహకులు అధికారికంగా ప్రకటించారు, డ్రైవర్లు ఒంటిని చల్లబరిచే చొక్కాలు తొడుక్కునేందుకు వీలు కల్పించారు. మన వేసవిలో కట్టుకునే పలుచని నూలు బట్టలే వేసుకో, నడక చాలా ఉంటుంది కనుక కొత్త బూట్లు వద్దు. వాన ఎప్పుడైనా పడవచ్చు. 2022లో రేసు గంటకు పైగా ఆలస్యంగా మొదలై, రెండు గంటల గడువు నిండటంతో 59 ల్యాప్‌ల దగ్గరే ఆగింది. గొడుగు విప్పితే వెనుకవాళ్లు తిడతారు, మడిచి జేబులో పెట్టుకునే రెయిన్‌కోటు తెచ్చుకో. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు మరిచిపోవద్దు.

టికెట్ విషయంలో, సర్క్యూట్‌ను విడగొట్టిన భాగాల్లో జోన్ 4లో తిరుగుతూ చూసే రకం నీ డబ్బుకు సరిపోతుంది. పడాంగ్ అందులోనే ఉంది, రాత్రి పాటకచేరీ కూడా అక్కడే. ఆ టికెట్‌తో పిట్‌లున్న జోన్ 1లోకి రానివ్వరు, దాని గురించి బెంగపడకు. ఆ చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు కాబట్టి టాక్సీ ఎక్కవద్దు, సిటీ హాల్ స్టేషన్‌లో దిగి నడిచి రా. టికెట్ చేతికందగానే అందులో ఉన్న గేటు నంబరు నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
మామయ్య