తెలిసినవారి చేతిలో అధికారం ఎందుకు ఉండదు?

జ్ఞానమే బలమంటారు కదా, మరి బాగా తెలిసినవారి చేతిలో అధికారం ఎందుకు కనిపించదని మీరు అడిగారు. నా దృష్టిలో జ్ఞానం దానంతట అది ఎవరికీ బలాన్ని ఇవ్వదు. ఎదుటివారికి తెలియనంత కాలమే అది బలంగా చలామణి అవుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా కార్యాలయంలో పాత ఫైళ్ల గదిని ఒక గుమాస్తా చూసుకునేవారు. హోదాలో ఆయన దాదాపు అందరికంటే కిందివారే అయినా, ఏ కాగితం ఏ బీరువాలో, ఏ కట్టలో ఉందో ఆయనకు తప్ప మరొకరికి తెలియదు కనుక, పెద్ద అధికారి సైతం ఆయన బల్ల ముందు నిలబడి, ఆయన కళ్లజోడు తుడుచుకొని తల ఎత్తేదాకా వేచి ఉండేవారు. జాబితా రాసిపెట్టమంటే, "అంతా బుర్రలోనే ఉందండీ, రాయడమెందుకు?" అని నవ్వేసేవారు. ఆయన సెలవులో ఉండగా ఒక పింఛను కాగితం అత్యవసరమై గదంతా తిరగేయవలసి వచ్చింది. ఆ సందర్భంలో కొత్తగా చేరిన ఒక యువతి, ఎవరూ పురమాయించకుండానే, కట్టలన్నిటికీ అంకెలు వేసి, జాబితా రాసి తలుపుకు అంటించింది. ఆయన తిరిగి వచ్చాక కూడా ఆయనకు తెలిసినదాంట్లో రవ్వంత తగ్గలేదు, కానీ ఆయన బల్ల ముందు నిలబడేవారే లేకపోయారు.

దరఖాస్తుల్లోనూ ఒప్పందాల్లోనూ సామాన్యుడికి కొరుకుడుపడని భాష రాసేవారిని చూసినప్పుడల్లా నాకు ఆ గుమాస్తాయే గుర్తుకొస్తారు. విషయం అంత కఠినమైనది కావడం చాలా అరుదు. అర్థమైపోతే మన అవసరం తీరిపోతుందన్న భయమే అక్కడ ఎక్కువ.

పెద్ద చదువులవారూ ఇందుకు మినహాయింపు కారు. కష్టమైన కాన్పుల్లో బిడ్డను బయటికి తీసే ఫోర్సెప్స్‌ను ఇంగ్లండులోని చాంబర్లెన్ వైద్య కుటుంబం వందేళ్లకు పైగా తమ ఇంటి రహస్యంగా దాచుకొని, దాంతోనే ధనవంతుల ఇళ్లలో పేరూ రాబడీ సంపాదించుకుంది.

ఇక మీరు అడిగిన రకం మనిషి, అంటే తెలిసీ అధికారం లేనివాడు, పందొమ్మిదో శతాబ్దపు వైద్యుడు సెమ్మెల్‌వైస్. వియన్నా ఆసుపత్రిలో ఆయన పనిచేసిన ప్రసూతి విభాగంలో 1846లో నూటికి 11 మందికి పైగా బాలింతలు మరణించగా, వైద్యులు క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కోవాలని 1847లో ఆయన నియమం పెట్టిన తరువాత, 1848లో ఆ మరణాలు నూటికి 2 కంటే తక్కువకు పడిపోయాయి. ఆయన దాన్ని దాచుకొని బేరమాడలేదు, అందరూ పాటించాలని పట్టుబట్టాడు. అయితే ఆయన ఒక సహాయకుడు మాత్రమే. ఆయన మాట నిజమైతే ఆ మరణాలకు కారణమైన బాలింతల జ్వరాన్ని తమ చేతులే మోసుకొచ్చాయని పెద్ద వైద్యులు ఒప్పుకోవలసి వచ్చేది. 1849లో గడువు ముగిసిన ఆయన ఉద్యోగాన్ని పొడిగించలేదు.