హైబ్రిడ్ కారుతో ఇంధనం ఆదా అవుతుందా?

ప్రశ్న: నేను ఎక్కువగా నగరంలోనే కారు నడుపుతాను. హైబ్రిడ్ కారు కొంటే ప్రయోజనం ఉంటుందా? దానికి ఛార్జింగ్ పెట్టాలా?

జవాబు: ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు, దానికి బ్యాటరీ కూడా ఉండేదే హైబ్రిడ్ కారు. ఆగుతూ సాగే నగర ప్రయాణాల్లోనే దీని ప్రయోజనం బాగా కనిపిస్తుంది. బ్రేకు వేసినప్పుడు మామూలు కారులో వేడిగా వృథా అయ్యే శక్తిలో కొంత భాగాన్ని ఇందులోని మోటారు, జనరేటరుగా పనిచేస్తూ, విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి చేరుస్తుంది. కారు మళ్లీ కదిలేటప్పుడు ఆ విద్యుత్తే తోడ్పడుతుంది కనుక ఇంజనుపై భారం తగ్గి, ఇంధనం ఆదా అవుతుంది. బ్రేకు ప్యాడ్లు కూడా నెమ్మదిగా అరుగుతాయి. ఈ లాభం గురించి అమ్మేవారు ఎందుకో అంతగా చెప్పరు. 1997లో జపానులో విడుదలైన తొలి టయోటా ప్రియస్ మాదిరిగానే, సాధారణ హైబ్రిడ్లకు బయటి నుంచి ఛార్జింగ్ అక్కరలేదు. బయటి నుంచి ఛార్జింగ్ పెట్టుకునే వీలున్న ప్లగ్-ఇన్ రకానికి మాత్రం క్రమం తప్పకుండా ఛార్జింగ్ పెడితేనే పూర్తి ఫలితం దక్కుతుంది. హైవేలపై ఏకవేగంతో సాగే దూర ప్రయాణాలే ఎక్కువైతే, హైబ్రిడ్ కోసం పెట్టిన అదనపు ధర తిరిగి రాబట్టుకోవడానికి చాలా కాలం పడుతుంది.