పళ్ళు తెల్లబడాలంటే: స్ట్రిప్సా, ట్రేనా, డెంటిస్ట్ కుర్చీయా?

అమెరికా కొత్తగా వచ్చిన మన పిల్లలు నన్ను పక్కకు పిలిచి మరీ అడిగే సంగతి ఇది. ఆఫీసులో అందరి పళ్ళూ తెల్లగా మెరుస్తుంటే, ఫోటో తీస్తున్నప్పుడు పెదాలు బిగించేస్తారు. "స్ట్రిప్స్ (పళ్ళకు అంటించుకునే బ్లీచింగ్ పట్టీలు) కొనుక్కోనా, డెంటిస్ట్ దగ్గరికెళ్ళనా?" అని అడిగితే, నేను మొదట అడిగేది ఒకటే: మీది ఏ ఊరు, చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగి పెరిగారు?

మునుగోడు, మర్రిగూడ వైపో, కనిగిరి, దర్శి వైపో అయితే మీ పళ్ళ మీది గోధుమరంగు చారలు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువవడం వల్ల వచ్చినవి కావచ్చు, దాన్నే ఫ్లోరోసిస్ అంటారు. దర్శి ప్రాంతంలోని ఫ్లోరోసిస్ గురించి వైద్యులు 1937లోనే రాశారు. ఆ మచ్చ పంటి పైన పట్టింది కాదు, చిన్నతనంలో పన్ను తయారవుతున్నప్పుడే దాని గట్టి పైపొర అయిన ఎనామెల్‌లో కలిసిపోయింది. ఎంత తోమినా పోదు. మీరు సరిగ్గా తోముకోలేదని ఎవరైనా అంటే నమ్మకండి, అందులో మీ తప్పేమీ లేదు. అలాంటి పళ్ళకు సొంతంగా స్ట్రిప్స్ వేస్తే చుట్టూ ఉన్న తెల్ల మచ్చలు మొదట్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయి. డెంటిస్ట్ అయితే బ్లీచింగ్‌తో పాటు, పైపొరను సన్నగా అరగదీసే మైక్రోఅబ్రేషన్ గానీ, మచ్చలోకి రెసిన్ (ఒక రకం ద్రవ ప్లాస్టిక్) ఇంకించే పద్ధతి గానీ చూస్తారు. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందులు వాడినందువల్ల వచ్చిన బూడిదరంగు చారలూ ఇంతే మొండివి. వాటికి వారాలు చాలవు, నెలలు పడుతుంది.

కాఫీ, టీ, పసుపు, పొగాకు వల్ల పట్టిన గార అయితే దారి సులువు. ముందు క్లీనింగ్ చేయించుకోండి. ఉద్యోగంతో వచ్చే డెంటల్ ఇన్సూరెన్సులు చాలావరకు ఏడాదికి రెండు క్లీనింగ్‌లకు పూర్తిగా కడతాయి. నెట్‌వర్క్‌లో ఉన్న డెంటిస్టేనా, అంటే మీ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్ళేనా అని ముందే కనుక్కోండి. కొందరికి ఆ క్లీనింగ్‌తోనే సగం పని అయిపోతుంది. పుచ్చు పళ్ళుంటే అక్కడే బయటపడతాయి. పుచ్చు మీద బ్లీచింగ్ జెల్ పడితే ప్రాణం జివ్వుమంటుంది.

ఆ తర్వాత కూడా తెలుపు చాలదనిపిస్తే, నా ఓటు డెంటిస్ట్ చేసిచ్చే ట్రేకే. మీ పళ్ళ అచ్చు తీసి, సరిగ్గా వాటికే పట్టే ట్రే తయారుచేస్తారు. అందులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసి రాత్రిపూట పెట్టుకుంటారు. పళ్ళను తెల్లబరిచేది అందులోంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆ లెక్కన అది దాదాపు 3.5 శాతమే. 1989 నుంచి వైద్య పత్రికల్లో ఉన్న పద్ధతి, బాగా పరీక్షకు నిలిచింది. సాధారణంగా రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. ట్రే మీ దగ్గరే ఉంటుంది కాబట్టి, తర్వాతెప్పుడో రంగు తగ్గితే జెల్ ఒక్కటి కొనుక్కుంటే చాలు.

డబ్బు చూసుకోవాల్సిన విద్యార్థులకు స్ట్రిప్స్ మంచివే. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ముద్ర ఉన్న పెట్టె తీసుకోండి. వంకర పళ్ళకు అవి సరిగ్గా అతుక్కోవు, వెనక పళ్ళ దాకా రావు. దగ్గర్లో డెంటల్ కాలేజీ ఉంటే అక్కడి క్లినిక్‌లో ట్రే కూడా తక్కువలో అవుతుంది. బొగ్గు పేస్టులు, నిమ్మరసం జోలికి మాత్రం పోవద్దు. ఎనామెల్ అరిగితే తిరిగి రాదు, లోపలి పసుపు పొర ఇంకా బయటపడుతుంది.

డెంటిస్ట్ కుర్చీలో కూర్చోబెట్టి గంటలో చేసేదాంట్లో 25 నుంచి 40 శాతం దాకా ఘాటైన పెరాక్సైడ్ వాడతారు. చిగుళ్ళకు రక్షణ పూత వేసి జాగ్రత్తగానే చేస్తారు, కానీ పళ్ళు జివ్వుమనడం ఎక్కువ, ఖర్చూ వందల డాలర్లు. కుర్చీలోంచి లేచినప్పుడు కనిపించే తెలుపులో కొంత పన్ను ఆరిపోవడం వల్ల వచ్చింది, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. నీలం లైటు వల్ల అదనంగా ఒరిగేది పెద్దగా లేదు. వారంలో పెళ్ళి ఉండి, ఇంకో దారి లేకపోతేనే దీనికి వెళ్ళండి.

క్లీనింగ్ సంగతి వేరు గానీ, తెల్లబరిచే పద్ధతుల్లో దేనికీ మామూలుగా ఇన్సూరెన్స్ రాదు, ఇది అందానికి చేసే పని అంటారు. వైద్య ఖర్చుగా పన్నులో చూపడానికీ ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఒప్పుకోదు, కాబట్టి వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ ఖాతాల కార్డులు గీకకండి. క్యాపులు, ఫిల్లింగులు బ్లీచింగ్‌తో తెల్లబడవు. ముందు పంటికి క్యాప్ ఉంటే చుట్టుపక్కలవి తెల్లబడి అది ఒక్కటే పచ్చగా మిగిలిపోతుంది, ఆ మాట డెంటిస్ట్‌కు ముందే చెప్పండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కొన్నాళ్ళు ఆగడం మేలు.

ట్రే, స్ట్రిప్స్ వాడేటప్పుడు పళ్ళు జివ్వుమంటే రోజు విడిచి రోజు వాడండి. పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్టు ముందు నుంచే మొదలుపెట్టండి. కుర్చీలో చేయించుకున్నాక ఒకటి రెండు రోజులు రంగు పట్టే తిండి వద్దంటారు. సాంబారు, పులుసు, కాఫీ పక్కనపెట్టి ఇడ్లీ, కొబ్బరి పచ్చడి, పెరుగన్నంతో గడిపేయొచ్చు.

బ్రిటన్‌లో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకు చట్టమే వేరు. అక్కడ షాపులో నేరుగా అమ్మే సరుకులో పెరాక్సైడ్ 0.1 శాతం మించకూడదు. 6 శాతం దాకా వాడాలంటే ప్రతి విడతలో మొదటిసారి డెంటిస్ట్ ద్వారానే, అదీ 18 ఏళ్ళు నిండినవాళ్ళకే. అమెరికా నుంచి చుట్టాల చేత స్ట్రిప్స్ తెప్పించుకునేముందు అక్కడి డెంటిస్ట్‌కు ఒకసారి నోరు చూపించండి.